సోడియం గీత ఒకటి కాదు, రెండు

సంపాదకులకు,

డిగ్రీ ఫిజిక్స్ రికార్డుల్లో తరచూ కనిపించే వాక్యం: సోడియం కాంతి ఏకవర్ణం, తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). నిజానికి ఆ కాంతిని విడదీసి చూస్తే ఆ అంకె దగ్గర వెలుగు గీతే లేదు. ఉన్నవి రెండు, 5890, 5896 దగ్గర. 5893 వాటి సగటు. పిల్లలు కళ్లారా చూడగలిగిన క్వాంటం ఫిజిక్స్‌ను ఆ సగటు కింద పూడ్చేస్తున్నాం.

సోడియం బయటి ఎలక్ట్రాన్ 3పి అనే పై శక్తి స్థాయిలో ఉన్నప్పుడు దాని స్పిన్ (తన చుట్టూ తాను తిరుగుతున్నట్టుండే సహజ గుణం), కక్ష్యా చలనం ఒకే దిక్కుగా ఉంటే శక్తి కాస్త ఎక్కువ, ఎదురెదురుగా ఉంటే కాస్త తక్కువ. తేడా 0.0021 ఎలక్ట్రాన్ వోల్టు. అది కిందికి దిగినప్పుడు వెలువడే ఫోటాన్ (కాంతి కణం) శక్తిలో వెయ్యో వంతు. అందుకే గీతలు రెండు.

దీన్ని చూడ్డానికి ల్యాబ్‌లో ఉండే, అంగుళానికి 15,000 గీతలు గీసిన గ్రేటింగే (కాంతిని రంగులుగా విడదీసే పలక) చాలు. అది ఒకే వర్ణపటాన్ని వేర్వేరు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపుతుంది, వాటినే ఆర్డర్లు అంటారు. చిక్కంతా మొదటి ఆర్డర్‌తోనే ఆపేయడంలో ఉంది. అక్కడ, 20 డిగ్రీల దగ్గర, రెండు గీతల ఎడం 1.3 నిమిషాలే (కోణంలో నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). కోణం కొలిచే వెర్నియర్ స్కేలు లీస్ట్ కౌంటే (అది చదవగల కనీస కొలత) ఒక నిమిషం! కాంతి లోపలికి వచ్చే సన్న చీలికను, అంటే స్లిట్‌ను, కొంచెం వెడల్పుగా తెరిచినా రెండూ కలిసి ఒకే పట్టీ అయిపోతాయి. టెలిస్కోప్‌ను 44 డిగ్రీల దాకా, రెండో ఆర్డర్‌కు తిప్పించండి. ఎడం 3.4 నిమిషాలవుతుంది. వెలుగు తగ్గుతుంది కాబట్టి గది చీకటి చేసి, స్లిట్‌ను వెంట్రుకంత సన్నం చేయాలి. లోపలి వైపు, అంటే తక్కువ కోణం దగ్గర, కాంతిమంతంగా కనబడేది 5890, దాని పక్కన మసకగా ఉండేది 5896. టెలిస్కోప్‌ను బిగించి, ఒకదాని మీంచి రెండోదాని మీదికి సన్న మర తోనే జరపాలి. మూడో ఆర్డర్ ఈ గ్రేటింగ్‌తో రాదు, వెతకొద్దు.

అప్పటికీ విడిపోకపోతే గ్రేటింగ్ గీతలు స్లిట్‌కు సమాంతరంగా లేవేమో చూడాలి. కుడి, ఎడమ కోణాలు సరిపోకపోతే కాంతి గ్రేటింగ్‌పై లంబంగా పడట్లేదు. దీపం వెలిగించగానే కనబడే ఎరుపు నియాన్‌ది, పసుపు పూర్తిగా వచ్చేదాకా ఆగాలి. వీధిదీపాల హై ప్రెషర్ సోడియం బల్బు మాత్రం వాడొద్దు. ఒత్తిడికి గీతలు వెడల్పై, నడుమ నల్లబడతాయి.

పాఠ్యప్రణాళిక నిర్ణయించే విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు మనవి: ఈ ప్రయోగానికి రెండో ఆర్డర్‌ను, శక్తి భేదం లెక్కను చేర్చండి. 3.4 నిమిషాల్లో ఒక నిమిషం తప్పినా 30 శాతం తేడా వస్తుంది. అందుకు మార్కులు కోయొద్దు. గీతలు రెండుగా కనబడ్డాయా, లెక్క సరైన దారిలో వేశారా అన్నది చూడండి.

— భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం