మా రీడర్ యాప్ పోతుంది, మీ ఫీడ్ అన్న మళ్ల పెట్టుండ్రి సార్

ఎడిటర్ గారికి నమస్తే.

నేను హన్మకొండల కేయూ క్రాస్ రోడ్ దగ్గర చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుత. పొద్దుగాల షట్టర్ లేపి మిషిన్ వేడెక్కేలోపు చాయ్ తాగుకుంట ఫోన్ల వార్తలు చూసుడు పదేండ్ల పైబడి అలవాటు, అది ఫేస్‌బుక్‌ల కాదు వాట్సాప్ గ్రూపుల్ల కాదు, ఒక ఫీడ్ రీడర్ యాప్‌ల. దాన్ని ఈ నెలాఖరుకి బంద్ చేస్తున్నమని మెయిల్ పెట్టిండ్రు. పేరు రాస్తలేను, ఇన్నేండ్లు మంచిగనే నడిపిండ్రు, తిట్టుడు నా ఉద్దేశం కాదు.

తెల్వనోళ్లకి జర చెప్త. చాలా వెబ్‌సైట్లు ఆర్ఎస్ఎస్ ఫీడ్ అని ఒక ఫైల్ పెడ్తయి, దాంట్ల కొత్త వార్తల హెడ్డింగులు, లింకులు, పెట్టిన తేదీ, టైమ్ ఉంటయి. రీడర్ యాప్ మాటిమాటికి ఆ ఫైల్ చూసొచ్చి కొత్తది ఉంటే మన ముందల వరసగ పెడ్తది. మొన్న మనం దేనిమీద ఎంతసేపు ఆగినం అన్న లెక్క దానికి అక్కర్లే. అన్నిటికంటే నాకు నచ్చింది ఏందంటే అది ఒడుస్తది. 43 వార్తలుంటే 43, చదివినంక స్క్రీన్ ఖాళీ, ఫోన్ పక్కకు పెట్టి పనిల పడ్త. ఇప్పటి యాప్‌లు వేలుతోటి నూకుకుంట కూసోవాలె, పొద్దుగూకినా ఒడవయి.

మొదట్ల నేను కూడా అందరిలెక్క గూగుల్ రీడర్ వాడేది. 2005ల వచ్చింది, 2013 జులై 1న ఆగిపోయింది. అప్పుడు ఈ యాప్‌కి మారిన, ఇప్పుడు ఇది కూడా పాయె. మారుడు పెద్ద కష్టమేం కాదు, ఓపీఎంఎల్ అని ఒక ఫైల్ దించుకొని కొత్త యాప్‌ల ఎక్కిస్తే మన సైట్ల లిస్టు మొత్తం వస్తది. కానీ ఆ ఫైల్‌ల సైట్ల అడ్రస్‌లే ఉంటయి, మనం స్టార్ కొట్టి దాచుకున్న వార్తలు రావు. నాయి మూడొందల దాకా ఉన్నయి, గిరాకీ లేనప్పుడు ఒక్కొక్క లింకు కాపీ చేసుకుంటున్న. 2021 జులై 25న మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన వార్త ఉంది. 2023 జులైల మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు, జనం ఇండ్ల మీదికెక్కి హెలికాప్టర్ కోసం చూసిన ఆ రోజు వార్తలు వరసగ ఏడు ఉన్నయి. సగం లింకులు నొక్కితే పేజీ లేదంటుంది, ఇక యాప్‌ల మిగిలిన ఆ హెడ్డింగు, రెండు లైన్లనే నోట్‌బుక్కుల రాసుకుంటున్న, నవ్వుతరేమో గని.

ఇక అసలు సంగతి. కొత్త యాప్‌ల ఎక్కించినంక చూస్తే 64 ఫీడ్లల 19 సచ్చిపోయి ఉన్నయి, అండ్ల మీ పేపర్ వరంగల్ పేజీది కూడా ఒకటి. మొన్న దసరా నుంచి కొత్త వార్త ఒక్కటి పడలే. మీ యాప్ వేసుకోమంటరు, వేసుకున్న, తెరవంగనే సినిమా ముచ్చట్లు, బంగారం ధర, మా జిల్లా వార్త కోసం నాలుగుసార్లు నొక్కాలె, అది కూడా నిన్నటిదో మొన్నటిదో తెల్వది.

తేదీ ఎందుకంత పట్టింపు అంటరా? పోయిన నెల ఒక తమ్ముడు వానల తడుసుకుంట వచ్చిండు, అన్నా లాస్ట్ డేట్ పెంచిండ్రట రేపు అప్లై చేస్త అని వాట్సాప్‌ల వచ్చిన పేపర్ ముక్క చూపిచ్చిండు. నేను రీడర్‌ల వెతికితే అదే హెడ్డింగు దొరికింది, కింద తేదీ చూస్తే నిరుటిది. ఆ రోజే ఆఖరు, రాత్రి పదింటికి సర్వర్ మొరాయించుకుంట మొరాయించుకుంట ఎట్లనో ఫీజు కట్టించినం.

అందుకే అడుగుతున్న సార్, జిల్లా పేజీలకన్న ఆ ఫీడ్ మళ్ల పెట్టుండ్రి. వార్త మొత్తం ఇయ్యకున్నా సరే, హెడ్డింగు, తేదీ, లింకు చాలు, చదువుడు మీ సైట్లకే వచ్చి చదువుతం. వీలైతే పాత అడ్రస్ మీదనే లేపుండ్రి, కొత్త యాప్‌ల దాన్ని నేనింకా తీసెయ్యలే.

ఇట్లు
మీ పాత పాఠకుడు, హన్మకొండ