"ఎర్ర బోయా కుడివైపు" అంటే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పడవ నడపడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. లైఫ్ జాకెట్ గురించీ వాతావరణం గురించీ రాసింది బాగానే ఉంది గానీ, బోయాల (పడవలకి దారి చూపడానికి నీళ్ల మీద తేలేలా కట్టే గుర్తుల) దగ్గరికొచ్చేసరికి "సముద్రం నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎర్ర బోయా కుడివైపు ఉండాలి, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క అమెరికాలో నిజమే. యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, ఇండియాల్లో మాత్రం పూర్తిగా రివర్స్. ఇది అచ్చుతప్పు లాంటిదైతే చూసీచూడనట్టు వదిలేసేవాళ్లం, కానీ దీన్ని నమ్మి చుక్కాని తిప్పితే పడవ ఇసుక మేటనో రాతినో ఎక్కుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, బోయాల విషయంలో ప్రపంచం రెండు ముక్కలుగా ఉంది. ఒకప్పుడు 30కి పైగా పద్ధతులుండేవి, ఒక దేశం ఎరుపు పెట్టిన చోట పక్క దేశం ఇంకోటి పెట్టేది. ఐఏఎల్ఏ అనే అంతర్జాతీయ సంస్థ ఆ గందరగోళాన్ని సర్దుతూ వచ్చి, 1980లో అందరినీ ఒక ఒప్పందానికి తెచ్చింది. అయినా ఎరుపు ఏ పక్కన ఉండాలన్న దగ్గర మాత్రం పీటముడి విడలేదు, అందుకే రెండు రీజియన్లు మిగిలాయి. రీజియన్ బి అంటే ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్. అక్కడ లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు కుడిపక్క. మిగతా ప్రపంచం దాదాపు అంతా రీజియన్ ఎ, అక్కడ ఎరుపు ఎడమపక్క, ఆకుపచ్చ కుడిపక్క. పడవకి ఎడమవైపు వెలిగే లైటు ఎక్కడైనా ఎరుపే, కుడివైపుది ఆకుపచ్చే. కాబట్టి రీజియన్ ఎ లో రేవులోకి వస్తున్నప్పుడు మన ఎర్ర లైటు పక్కన ఎర్ర బోయా ఉంటే మన దారి మనదే. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు అమెరికా వాళ్లవి, మీ వ్యాసంలోకి ఆ వాక్యం అలాగే దిగుమతి అయ్యుంటుందని నా అనుమానం.

రీజియన్ తెలిస్తే సగం తెలిసినట్టు. మిగతా సగం, మనం ఎటు పోతున్నామన్నది. "లోపలికి" అంటే సముద్రం నుంచి రేవులోకి, లేదా నది మొగలోంచి ఎగువకి. అదే ఛానల్లో బయటికి పోతుంటే అన్నీ పక్కలు మారతాయి. ఇది వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ దీవుల మధ్య, రెండు వైపులా సముద్రానికి తెరుచుకున్న పాయల్లో లోపలేదో బయటేదో ఎవరు చెప్పాలి? చార్టే, అంటే సముద్రపు మ్యాపే చెప్పాలి. సందేహం వచ్చే చోట చార్టు మీద గులాబీ రంగు బాణం, దానికి అటూ ఇటూ రెండు చిన్న సున్నాలు వేసి ఉంటాయి. బాణం ఎటు చూపిస్తే అటు పోయేదే "లోపలికి". చార్టు చూడకుండా ఒడ్డు వాలకాన్ని బట్టి ఊహించడం ఎంత అనుభవం ఉన్న సరంగుకైనా మంచిది కాదు.

ఇంకొకటి, మీ వ్యాసం మొత్తం రంగుల మీదే నడిచింది. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా పోతున్నప్పుడు చూడండి, ఎరుపూ ఆకుపచ్చా రెండూ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. పైగా మగవాళ్లలో ఈ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు తక్కువేం కాదు. అప్పుడు ఆదుకునేది ఆకారం. ఎడమవైపు గుర్తు డబ్బాలా పైన చదునుగా ఉంటుంది, కుడివైపుది మొన తేలిన కోను. రెండు రీజియన్లలో రంగులు తారుమారవుతాయి గానీ ఆకారాలు మారవు, ఎడమ అంటే ఎక్కడైనా డబ్బానే. బోయా సన్నటి స్తంభంలా ఉంటే దాని నెత్తిన పెట్టిన చిన్న డబ్బానో కోనునో చూసుకోవాలి. ఇంత పనికొచ్చే విషయానికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

దిక్కుల్ని బట్టి దారి చెప్పే కార్డినల్ బోయాల ఊసే లేకపోవడం నాకు ఇంకా ఎక్కువ బాధనిపించింది. ఇవి పసుపు, నలుపు పట్టీలతో ఉంటాయి, రెండు రీజియన్లలోనూ ఒకటే, మనం ఎటు పోతున్నామన్న దానితో సంబంధం లేదు. దిక్సూచి ఉంటే చాలు. నార్త్ బోయా కనిపిస్తే దానికి ఉత్తరం వైపు నుంచి పొమ్మని అర్థం, ప్రమాదం దక్షిణాన ఉందన్నమాట. నెత్తిన రెండు నల్ల కోన్లుంటాయి. నార్త్‌కి రెండు మొనలూ పైకి, సౌత్‌కి రెండూ కిందికి, ఈస్ట్‌కి ఒకటి పైకీ ఒకటి కిందికీ చూస్తూ అడుగులు ఎదురెదురుగా, వెస్ట్‌కి మొనలు ఒకదానికొకటి ఎదురుగా ఢమరుకంలా. పట్టీల్ని బట్టీ పట్టక్కర్లేదు, మొనలు చూపించే చోటే నలుపు ఉంటుంది. రెండూ పైకి చూపిస్తే నలుపు పైన, కిందికి చూపిస్తే కింద, లోపలికి చూపిస్తే నడుమ, చెరో వైపు చూపిస్తే పైనా కిందా.

రాత్రిపూట వీటి తెల్ల లైటు గడియారం లెక్కన మెరుస్తుంది. తూర్పుకి మూడు, దక్షిణానికి ఆరు, పడమరకి తొమ్మిది, ఉత్తరానికి ఆపకుండా. ఊగుతున్న పడవలోంచి లెక్కపెడుతుంటే ఆరో తొమ్మిదో అని టెన్షన్ సహజం, అందుకే సౌత్ బోయాకి ఆరు మెరుపుల వెంటనే ఒక పొడవాటి మెరుపు, కనీసం రెండు సెకన్లది, కలిపారు. ఆ పొడవాటిది కనిపిస్తే ఇక లెక్కతో పని లేదు. ఇది ఆలోచించినవాళ్లెవరో నిజంగా సముద్రంలో రాత్రుళ్లు గడిపినవాళ్లే అయ్యుంటారు.

ఈ గుర్తుల వెనక ప్రాణాలు పోయిన కథలున్నాయి. 1971 జనవరిలో డోవర్ జలసంధిలో టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకర్ ఇంకో నౌకని ఢీకొని మునిగింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే ఓడ ఆ శిథిలాలకి తగిలి మునిగింది, ఫిబ్రవరిలో నికీ అనే మరో ఓడ కూడా అక్కడే పోయింది. మొత్తం 51 మంది చనిపోయారు. అన్ని దేశాలకీ ఒకే పద్ధతి ఉండాలన్న పట్టుదల ఊపందుకున్నది ఆ తర్వాతే. 2002 డిసెంబరులో ఇంగ్లిష్ ఛానల్లో ట్రైకలర్ అనే కార్ల ఓడ మునిగినప్పుడూ, హెచ్చరికలు పెట్టినా కూడా, మరో రెండు ఓడలు వచ్చి దాన్నే గుద్దాయి. కొత్తగా మునిగిన ఓడ దగ్గర నీలం, పసుపు నిలువు చారలతో, అవే రంగుల లైటు మార్చి మార్చి మెరిసే ప్రత్యేక బోయా పెట్టడం 2006లో మొదలైంది. అది కనిపిస్తే ఎటు పక్క అని ఆలోచించొద్దు, దూరంగా తప్పుకోండి.

అన్నట్టు, బోయా మేకులా ఒకచోట పాతుకుని ఉండదు. అడుగున దిమ్మకి గొలుసుతో కట్టి ఉంటుంది. ఆటుపోట్లకి అందేలా ఆ గొలుసుని లోతుకంటే పొడవు వదులుతారు కాబట్టి నీటి వాలుని బట్టి అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. తుఫాను తర్వాత దిమ్మతో సహా ఈడ్చుకుపోయి ఉండొచ్చు, లైటు ఆరిపోయి ఉండొచ్చు. అందుకని దాన్ని రాసుకుంటూ పోకూడదు, కాస్త ఎడం ఉంచాలి. అలాగని అది కదులుతుందని కోపం తెచ్చుకోనక్కర్లేదు. బోయా ఒక పక్కకి వాలి, దాని వెనక నీళ్లు చీలి నురగ తిరుగుతుంటే ప్రవాహం ఎటు లాగుతోందో, ఎంత జోరుగా ఉందో ఏ పరికరం లేకుండానే తెలిసిపోతుంది. చేపలు పట్టడానికని పడవని బోయాకి కట్టేసే వాళ్లుంటారు, చాలా దేశాల్లో అది నేరం.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం ఆ వాక్యానికి సవరణ వేయండి, వేసేటప్పుడు ఏ రీజియనో, ఎటు పోతున్నప్పుడో రెండూ చెప్పండి. పక్కనే డబ్బా, కోను, నాలుగు కార్డినల్ గుర్తుల బొమ్మలు కూడా వేయించండి. రంగుల పేజీలో చోటు దొరక్కపోతే నలుపు-తెలుపులో వేసినా ఫరవాలేదు, ఆకారాలు తెలిస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు