పక్క రౌటర్ సంగతి, ఇంకొన్ని సంగతులు

చిన్నీ,

ఎలా ఉన్నావు తల్లీ? నువ్వు బుజ్జిగాడికి పెట్టిన మెసేజ్ వాడు నాకు చూపించాడు. వాడినేమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. కొత్త లింక్‌కి అవతల ఉన్న రౌటర్ వివరాలు మీ ఆఫీసులో ఎవరి దగ్గరా లేవనీ, ఐపీ అడ్రస్ ఏమిటో, అందులో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పే మాస్క్ ఏమిటో తెలీక తల పట్టుకున్నాననీ రాశావు. ఇరవై ఆరేళ్లు ఆ పనే చేసిన అమ్మ ఉండగా వాడినెందుకు అడిగావో నాకు అర్థం కాలేదు. సరే, దానికి జవాబు రాద్దామనే కూర్చున్నాను. నువ్వు పదకొండు రోజులుగా ఫోన్ ఎత్తని సంగతి రాయడానికి కాదు.

ముందు కేబుల్ చూడు. లింక్ లేవకుండా సెట్టింగులు వెతికితే రాత్రంతా పోతుంది. లింక్ లేచిందీ అంటే ఇక తొందరపడకుండా విను. అవతలిది సిస్కో కంపెనీదైతే, పక్క పెట్టెకి తన వివరాలు తనే పంపే సీడీపీ ప్రతి 60 సెకన్లకీ తన పేరు, మోడల్, ఏ పోర్టులో ఉన్నదీ, ఐపీ ఎంతన్నదీ చెబుతుంది. మన రౌటర్ ఆ కబురుని 180 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. వేరే కంపెనీదైతే అదే పని చేసే ఎల్ఎల్‌డీపీ చూడు, అది మామూలుగా 30 సెకన్లకోసారి పలుకుతుంది. కానీ బయటివాళ్ల వైపు ఉన్న పోర్టుల్లో చాలామంది ఈ రెండూ ఆపేస్తారు. ఆపడమే మంచిది కూడా. అక్కడ ఏమీ కనపడకపోతే రౌటర్ చచ్చిపోయిందనుకోకు.

అప్పుడు మన రౌటర్ కొసన ల్యాప్‌టాప్ పెట్టి, లింక్ మీద వచ్చే ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ తెరిచి కూర్చో. ఐపీని బట్టి మ్యాక్ అడ్రస్, అంటే పోర్టుకి ఉండే హార్డ్‌వేర్ అడ్రస్, కనుక్కునే ఏఆర్‌పీ 1982 నాటిది, ఇప్పటికీ అదే తీరు. ‘ఈ ఐపీ ఎవరిది?’ అని అడిగే ప్యాకెట్‌లోనే అడుగుతున్నవాడి ఐపీ, మ్యాక్ అడ్రస్ రెండూ ఉంటాయి. అవతలి రౌటర్ మనకోసం వెతుకుతూ ఉంటే తన అడ్రస్ తనే చెప్పేస్తున్నట్టు. వాడు వెతుకుతున్నది మన దగ్గర ఉండాల్సిన ఐపీ, కాబట్టి ఒక్క ప్యాకెట్‌లో రెండు కొసలూ దొరుకుతాయి. మ్యాక్‌లో మొదటి మూడు బైట్లు చూస్తే ఏ కంపెనీ పెట్టెనో కూడా తెలుస్తుంది.

మాస్క్ మాత్రం ఏఆర్‌పీ చెప్పదు. అక్కడ ఊహించకు. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ నడుస్తుంటే, అవి పలకరించుకునే హలో ప్యాకెట్‌లో మాస్క్, ఏరియా, ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో చెప్పే హలో టైమ్, ఎంతసేపు పలక్కపోతే పోయిందనుకోవాలో చెప్పే డెడ్ టైమ్ అన్నీ ఉంటాయి. మనవి తేడాగా ఉంటే, రౌటర్ లోపల జరిగేది లైన్లుగా చూపించే డీబగ్‌లో ‘డెడ్ ఆర్ 40 సీ 80, హలో ఆర్ 10 సీ 20’ అని ఒక లైను పడుతుంది. ఆర్ అంటే అవతలి నుంచి వచ్చింది, సీ అంటే మనం పెట్టుకున్నది. దాని పక్కనే మాస్క్ కూడా అలాగే రెండు పక్కలా ఉంటుంది. ఆ లైను కాగితం మీద రాసుకో, స్క్రీన్ మీద చూసి గుర్తుంటుందిలే అనుకోకు. పని నడుస్తున్న రౌటర్ మీద డీబగ్ మొత్తం ఎప్పుడూ ఆన్ చేయకు, కావలసిన ఒక్కటే ఆన్ చేసి వెంటనే ఆపేసెయ్. అది చేసి రౌటర్ని పడేసినవాళ్లని నేను చూశాను.

మీ పిన్ని నిన్న ఫోన్ చేసింది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

సర్వర్ గదిలో చలి ఎక్కువ, స్వెటర్ వేసుకుంటున్నావా? ఫ్యాన్ల హోరుకి చెవుల్లో పెట్టుకునేవి కొనుక్కోమన్నాను, కొన్నావో లేదో. రాత్రి షిఫ్ట్ అయ్యాక నేరుగా పడుకోకు, కాస్త ఏదైనా తిని పడుకో. కళ్లజోడు నంబర్ మారిందేమో చూపించుకో. నీకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి అలాగే మొదలవుతుంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి నేను ఇంటికి రాలేదు, నీకు జ్వరం, నాన్న ఒక్కరే చూసుకున్నారు గుర్తుందా? ఆ రాత్రి మా పాత రౌటర్ కాలిపోయింది. కొత్తది పెట్టాను. అవతలి రౌటర్ వేరే సంస్థది, దానితో బీజీపీ, అంటే సంస్థల నెట్‌వర్క్‌లు దారులు చెప్పుకునే పద్ధతి, నడవాలి. కాన్ఫిగరేషన్ కాపీ ఉంది కానీ చాలా పాతది. ఐపీ ఏఆర్‌పీలో దొరికింది, పింగ్ వెళ్లింది, నాకు ధైర్యం వచ్చింది. బీజీపీ మాత్రం లేవలేదు. లాగ్‌లో ‘ఇన్‌వాలిడ్ ఎండీ5 డైజెస్ట్’ అని వరసగా పడుతోంది. అంటే అవతల పాస్‌వర్డ్ ఉంది, నా కాగితంలో ఉన్నది అది కాదు.

అప్పుడు రాత్రి ఒంటిగంట. అవతలివాళ్ల డ్యూటీ ఫోన్ నంబర్ మా రిజిస్టర్లో మొదటి పేజీలోనే ఉంది. నేను చేయలేదు. లింక్ నడిపే మనిషికి పాస్‌వర్డ్ తెలీదా అంటారేమోనని. పాత ఫైళ్లన్నీ తీసి, మా మేనేజర్ వాడే పాస్‌వర్డ్‌లు, వెనకటి ఏడాదివి, ఒక్కొక్కటే పెట్టి చూస్తూ మూడున్నర దాకా కూర్చున్నాను. రెండున్నర గంటలు చిన్నీ. మిగతావన్నీ వింటే తెలుస్తాయి గానీ, పాస్‌వర్డ్ వింటే తెలిసేది కాదు. తెలియకూడదనే దాన్ని అలా చేశారు. మనది కాని రౌటర్ దగ్గర వినడం వేరు, తాళాలు మార్చి మార్చి తిప్పడం వేరు. ఆ రాత్రి నేను చేసింది రెండోది, ఇప్పటికీ నాకది తప్పుగానే అనిపిస్తుంది.

చివరికి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి ఒక్క మాట అనలేదు. ‘మేమే మార్చాం మేడం, మీకు చెప్పలేదు’ అని, నేను ఫలానా అని సరిచూసుకుని ఇచ్చాడు. సిగ్గుతో గబగబా థాంక్స్ చెప్పి పెట్టేశాను, ఇంకేమైనా మార్చారా అని అడగనే లేదు. పాస్‌వర్డ్ సరిపోయింది, మళ్లీ పడిపోయింది. ఈసారి లాగ్‌లో ‘పీర్ ఇన్ రాంగ్ ఏఎస్’, దాని చివర రెండు బైట్లు, ఎఫ్‌డీఈ9. పదహారు ఆధారంగా రాసే అంకె అది, ఎఫ్ అంటే 15, డీ అంటే 13, ఈ అంటే 14. వాళ్ల ఏఎస్ నంబర్, అంటే వాళ్ల నెట్‌వర్క్‌కి ఉండే నంబర్, నా కాగితంలో 65000. ఈ నాలుగు అక్షరాలనీ రిజిస్టర్ వెనక అట్ట మీద లెక్కవేశాను. 61440, 3328, 224, 9. కలిపితే 65001. ఒక్క అంకె తేడా. అది మార్చి చూస్తే నిమిషంలోపు సెషన్ లేచింది. తెల్లారి ఇంటికి వచ్చేసరికి నీ జ్వరం దిగింది, నువ్వు నాతో మాట్లాడలేదు. ఒంటిగంటకే ఫోన్ చేసి ఉంటే నిన్ను నిద్రలోనైనా చూసేదాన్ని.

పిన్ని చెప్పింది ఇదీ. నువ్వు ఎవరినీ అడగకుండా సెట్టింగ్ ఏదో మార్చావనీ, పక్కవాళ్ల లింక్ కూడా పడిపోయిందనీ, నిన్ను షిఫ్ట్ నుంచి తప్పించారనీ. ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. నేను నమ్మలేదు, నమ్మకుండానూ లేను. నాన్నకి చెప్పలేదు. ఆయన రోజూ సాయంత్రం ‘చిన్నీ చేసిందా’ అని అడుగుతున్నారు, బిజీగా ఉందిట అంటున్నాను.

నిజమే అయితే ఏ కమాండ్ కొట్టావో, ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా రాసి పంపు, నేను చూస్తాను. మీ పై ఆఫీసర్‌కి కూడా అలాగే రాసివ్వు, ఒక్క లైను కూడా దాచకు. నిజం కాకపోతే పిన్నికి నేను చెప్పుకుంటాను. ఏదైనా సరే నీ గొంతు వినాలి నాకు. నువ్వు నిద్రపోయే వేళ తెలీక ఫోన్ చేయడానికి కూడా భయపడుతున్నాను. ఈ వారం నీ షిఫ్ట్ టైమ్ ఒక్కటి పంపు. స్వెటర్ పాతది చిరిగిందన్నావు, కొత్తది బుజ్జిగాడి చేత పంపిస్తున్నాను, చేతులు పొడుగైతే మడుచుకో.

అమ్మ