జిప్సీ ముందు బార్ తీసేయమని రాసేటప్పుడు ఇంకొక్క మాట కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత జీపుల గురించి, మారుతి జిప్సీల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి. పాత బండిని ఓపిగ్గా బాగుచేసుకుని అడవి దారులు తిరిగే కుర్రాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అయితే అందులో ఒక మెకానిక్ సలహాను పెద్ద అక్షరాలతో వేశారు: ‘జిప్సీ కొనగానే ముందు వైపు స్టెబిలైజర్ బార్ తీయించేయండి, చక్రాలు ఫ్రీ అవుతాయి’ అని. ఆ బార్ అంటే మలుపుల్లో బండి మరీ పక్కకు వాలకుండా పట్టే ఉక్కు కడ్డీ. ఆ సలహా కిందే ‘తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ బిగించుకోండి’ అని కూడా ఉండాలి. అది లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి 1998 మోడల్ జిప్సీ కింగ్ ఒకటి కొనుక్కున్నాను. హైదరాబాద్‌లో చేతులు మారిన బండి. రంగు కొత్తది, టైర్లు కొత్తవి, రెండంగుళాలు ఎత్తు లేపి ఉంది. ఇంజిన్ శబ్దం విన్నాను, గేర్లు చూశాను, ఛాసిస్‌కి తుప్పు ఉందేమోనని సుత్తితో కొట్టి చూశాను. ముందు ఇరుసు దగ్గరికి మాత్రం తల పెట్టి చూడలేదు. అక్కడ లేని వస్తువు నా కంటపడలేదు.

కార్తీక మాసంలో నేనూ, నా భార్యా, మా మేనల్లుడూ కలిసి భద్రాచలం బయల్దేరాం. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం. ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఒక మలుపు పూర్తయ్యేలోపే రెండోది వస్తుంది. నలభైకి మించి వేగం లేదు. మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఆవు. ఎడమకు కోశాను. ఎదురుగా లారీ హారన్. కుడికి వెళ్లే వీల్లేదు, ఆవును దాటగానే మళ్లీ నా వరసలోకే రావాలి. ఆ ఎడమ, కుడి, ఎడమ ఊపులో బండి పైభాగం నా చేతిలో లేదు. స్టీరింగ్ ఇటు తిప్పుతుంటే బాడీ ఇంకా అటే వాలి ఉంది. అది తిరిగొచ్చేటప్పుడు ఉయ్యాలలా రెట్టింపు ఊపుతో వచ్చింది. వెనక భాగం పక్కకు జారింది. లోపలి వైపు చక్రం నేల వదిలిందని సీటుకి తెలిసింది. పిట్టగోడకి జానెడు దూరంలో ఆగాం. మా ఆవిడ చాలాసేపు ముందున్న కడ్డీ వదల్లేదు. మేనల్లుడు ‘మావయ్యా, చక్రం లేచింది కదూ’ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

పక్కకు తీసి, చెట్టు నీడలో పాత దుప్పటి పరిచి కిందకి దూరాను. ఛాసిస్‌కి రెండు వైపులా బ్రాకెట్లు బిగించాల్సిన చోట ఖాళీ బోల్టు రంధ్రాలు కనిపించాయి. ఒకదాంట్లో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. రంధ్రాల చుట్టూ పాత బ్రాకెట్ ఆకారంలో అచ్చు, ఆ అచ్చు మీద కూడా కొత్త రంగు కొట్టేశారు. అంటే తీసి చాలాకాలమైంది, తీసినవాళ్లకు తీశామని తెలుసు, అమ్మినవాళ్లకూ తెలుసు. ఫోన్ చేసి అడిగితే, ‘అది ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ అండీ, షెడ్డులో తీయించేశాం, ఇనప సామాన్ల వాడికి కిలోల లెక్కన ఇచ్చేశాం’ అన్నారు.

అది ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ కాదు. ఫ్యాక్టరీ నుంచి బండితోపాటు వచ్చిన భాగం.

అది చేసే పనేమిటో తెలియని పాఠకులకు క్లాసులో చెప్పినట్టే చెబుతాను. పెద్ద దుప్పటి ఉతికాక ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతారు కదా. ఇద్దరూ ఒకే దిక్కుకు తిప్పితే దుప్పటి ఊరికే దొర్లుతుంది, చుక్క నీరు రాదు. ఒకరు ఇటూ ఒకరు అటూ తిప్పితే మెలిపడి బిగుసుకుంటుంది. స్టెబిలైజర్ బార్ కూడా అంతే. యు ఆకారంలో వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ అది. చాలా బండ్లలో దాని నడుము రబ్బరు బుష్‌లతో ఛాసిస్‌కి కూర్చుంటుంది, రెండు చివరలూ లింకులతో ఇరుసుకి కలుస్తాయి. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఊరికే తిరుగుతుంది, అడ్డు చెప్పదు. మలుపులో బాడీ ఒక పక్కకు వాలినప్పుడు మాత్రం మెలిపడుతుంది, ఆ మెలి విప్పుకునే బలంతో బాడీని నిలబెడుతుంది. కడ్డీ లావు నాలుగో ఘాతం చొప్పున దాని గట్టిదనం పెరుగుతుంది. 20 మి.మీ. కడ్డీ బదులు అదే ఆకారంలో 24 మి.మీ. వేస్తే గట్టిదనం రెట్టింపు దాటుతుంది. పిల్లలకు వైస్‌లో రెండు కడ్డీలు బిగించి చేత్తో మెలితిప్పమంటే లెక్క చెప్పకముందే అర్థమయ్యేది.

బార్ ఉంటే బండి పల్టీ కొట్టదని నేననడం లేదు. బండి ఎత్తునీ, చక్రాల మధ్య వెడల్పునీ అది మార్చలేదు. అది చేసేవి రెండు. ఒకటి, నేను ఘాట్‌లో అనుభవించిన ఆ ఉయ్యాల ఊపుని తగ్గిస్తుంది. రెండోదాన్ని చాలామంది మెకానిక్‌లు గమనించరు. ముందు వైపు బార్ ఉన్నప్పుడు మలుపులో అదనపు బరువు ముందు బయటి చక్రం మీద ఎక్కువ పడుతుంది. హద్దు దాటితే ముందు చక్రాలే మొదట పట్టు వదులుతాయి. అప్పుడు బండి అనుకున్నదానికన్నా వెడల్పుగా తిరుగుతుంది. ఆ సంగతి డ్రైవర్ చేతికి వెంటనే తెలుస్తుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది. ఆ బార్ తీసేస్తే వెనక చక్రాలు ముందుగా వదిలే అవకాశం పెరుగుతుంది. ఎత్తుగా, ఇరుకుగా, పొట్టిగా ఉన్న బండి అడ్డం తిరిగితే ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

జిప్సీ కొలతలు చూడండి. వెడల్పు 1540 మి.మీ., ఇరుసుల మధ్య దూరం 2375 మి.మీ. ఎత్తు వెడల్పుకన్నా బాగా ఎక్కువ. 1985లో మన దేశంలోకి వచ్చిన మొదటి జిప్సీల కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం ఇంకా తక్కువ. 1993లో కంపెనీయే దాన్ని 90 మి.మీ. పెంచింది. ఆ 90 మి.మీ. కోసం రెండు ఇరుసులూ మార్చాల్సి వచ్చింది. ఊరికే ఎవరూ అంత ఖర్చు పెట్టుకోరు.

దీని దగ్గరి చుట్టం అమెరికాలో సుజుకీ సమురాయ్ పేరుతో అమ్ముడుపోయింది. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక దాన్ని పరీక్షించి, గబుక్కున స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే చక్రాలు లేస్తున్నాయని, ‘ఆమోదయోగ్యం కాదు’ అని రాసింది. పరీక్ష సరిగా చేయలేదని కంపెనీ 1996లో కోర్టుకెక్కింది, 2004లో రాజీ పడ్డారు. ఆ తగువు సంగతి పక్కన పెడదాం. 1988 మధ్య నుంచి వచ్చిన సమురాయ్‌లకు కంపెనీ ఏం చేసిందన్నది నాకు ముఖ్యం. ప్రయాణం సుఖంగా ఉండటానికి స్ప్రింగులు మెత్తబరిచింది, మెత్తబరిచినందుకు ముందు బార్‌ని లావు చేసింది. ఇది తగ్గిస్తే అది పెంచాలి. మన షెడ్లలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కుదుపు తగ్గాలని కమాన్ పట్టీలు ఒకటి రెండు తీసేస్తారు, షాకిల్స్ (కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే ముక్కలు) పొడుగు పెట్టి బండిని ఎత్తుతారు, పెద్ద టైర్లు వేస్తారు, ఆఖర్న బార్ కూడా పీకేస్తారు. నాలుగూ బండిని ఒకే వైపు తోసేవే. మా నాన్నగారి కాలం విల్లీస్ జీపులకు బార్ లేదు కదా అని కొందరంటారు. నిజమే. వాటి కమాన్ కట్టలు రాయిలా ఉండేవి, అవి పోయే వేగమూ తక్కువే.

బార్ తీసేయమనేవాళ్ల వైపు న్యాయం లేదని నేననను. ఒక చక్రం గోతిలో, ఒక చక్రం బండరాయి మీద ఉన్నచోట బార్ రెండింటినీ సమానంగా ఉంచాలని చూస్తుంది. దాంతో గోతిలోని చక్రం నేలకు అందదు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) ఉన్న బండిలో గాలిలో ఉన్న చక్రమే గిరగిరా తిరుగుతుంది, రెండోది కదలదు. వాగు మధ్యలో అలా ఆగిపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకూ తెలుసు. అందుకే జీప్ కంపెనీ 2007 మోడల్ నుంచి రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ని ఒక బటన్‌తో విడదీసే ఏర్పాటు పెట్టింది. ఆ ఏర్పాటులోనే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వేగం దాదాపు 30 కి.మీ. దాటితే బార్ తనంతట తానే మళ్లీ కలుస్తుంది. రాళ్ల మీద విప్పుకోవాలి, రోడ్డు మీద కలవాలి అని దాన్ని తయారుచేసినవాళ్లే తేల్చారు. మన పాత బండ్లకు ఆ బటన్ లేదు కాబట్టి ఆ పని మన చేత్తో, పానాతో చేసుకోవాలి.

నేనిప్పుడు అదే చేస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో మూడు రోజులు తిరిగితే, విడగొట్టిన ఒక జిప్సీ కింద నుంచి బార్ దొరికింది. బుష్‌లు కొత్తవి వేయించాను. బండి రెండంగుళాలు ఎత్తులో ఉంది కాబట్టి పాత కొలత లింకులు వేస్తే బార్ చేతులు కిందికి వేలాడి, అసలు పనిచేయాల్సిన కోణంలో ఉండవు. అందుకని లింకుల్ని ఆ మేరకు పొడుగు చేయించాను. బిగించాక ముందు అద్దం దగ్గర మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి, వెనక అట్ట మీద పెన్సిల్‌తో గీతలు గీశాను. బార్ విప్పి ఒకసారి, బిగించి ఒకసారి ఒకే మలుపు ఒకే వేగంతో తిరిగాం, గుండు ఎక్కడిదాకా పోయిందో మేనల్లుడు గుర్తు పెట్టాడు. మలుపులో గుండు ఎలాగూ పక్కకు పోతుంది. మలుపు, వేగం ఒకటే అయినప్పుడు రెండు గుర్తుల మధ్య తేడా మాత్రం బాడీ వాలుదే. ఆ అట్ట ఇంట్లో దాచుకున్నాను. ఎవరైనా వాదనకొస్తే ముందు అది చూపిస్తాను.

అడవి దారి మొదలయ్యేచోట జాకీ అక్కర్లేకుండా, బండి చదునుగా ఉన్నప్పుడు, రెండు వైపులా లింకులు విప్పుతాను. బార్‌ని వేలాడనివ్వను. స్టీరింగ్ రాడ్‌కో టైరుకో తగలకుండా పైకి లాగి పట్టీతో కట్టేస్తాను. ఒక వైపే విప్పి రెండోది వదిలేయడం మంచిది కాదు, వేలాడే చివర ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కేచోట ఆపి బిగిస్తాను. పావుగంట పని. మేనల్లుడికి ఇప్పుడు నాకన్నా త్వరగా అవుతోంది.

మీ ద్వారా మూడు వర్గాలవాళ్లను అడగాలనుంది. షెడ్డు నడిపే తమ్ముళ్లు బార్ తీస్తే ఆ సంగతి బిల్లు మీద రాయాలి, తీసిన బార్‌నీ బ్రాకెట్లనీ ఓనరుకే తిరిగివ్వాలి, తుక్కుకి వేయకూడదు. 2019లో జిప్సీ షోరూముల నుంచి పోయింది. పోయిన బార్‌కి బదులు వెతుక్కోవడం ఏటికేడు కష్టమవుతోంది. బండి అమ్మేవాళ్లు తీసేసిన సంగతి కొనేవాళ్లకు చెప్పాలి. నా బండి రెన్యువల్‌కి వెళ్లినప్పుడు లైట్లు చూశారు, బ్రేకులు చూశారు, పొగ చూశారు. కిందకి వంగి బార్ ఉందా అని ఎవరూ అడగలేదు. కాబట్టి కొనేవాళ్లు తమ కళ్లతో తామే చూసుకోవాలి. పాత జిప్సీ కొంటున్నవాళ్లు రంగు చూసే ముందు ముందు బంపర్ కింద టార్చిలైటు వేసి చూడండి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి అడ్డంగా కడ్డీ కనిపించాలి, దాని రెండు చివరలూ దేనికో ఒకదానికి బిగించి ఉండాలి. చేత్తో పట్టుకుని ఊపితే టకటకలాడకూడదు.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వారం ఆ సలహాకు సవరణ వేస్తే, ఆ అట్టనీ, నా బండి కింద భాగం ఫొటోలనీ పంపడానికి సిద్ధంగా ఉన్నాను. ఖాళీ రంధ్రాలతో ఆ రోజు ఘాట్ పక్కన మేనల్లుడు తీసిన ఫొటో కూడా ఉంది, కందిరీగ గూడు అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మీ పాఠకుడు,
విశ్రాంత వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్,
రాజమహేంద్రవరం