మూలల్లో మేం చేసిన తప్పు

నమస్తే అండి. పోయిన వానాకాలం నుంచి సంక్రాంతి దాకా మా చేత బాత్రూం టైల్స్‌కి గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద) వేయించుకున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వాటిలో ఆరు బాత్రూముల్లో షవర్ కింద మూలలు మళ్లీ పగిలాయి. తప్పు మాదే.

నిజాంపేటలో మూడో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే ఏమీ అనలేదు. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, గోడా నేలా కలిసే మూలలో గీశారు. మేం వేసిన గ్రౌట్ పెచ్చులా లేచి ఆవిడ అరచేతిలో పడింది. దాని వెనక పాత గ్రౌట్ నల్లగా అలాగే ఉంది. నాలుగు నెలల కింద డబ్బు తీసుకున్న పని అది.

పాత గ్రౌట్ పూర్తిగా తీయకుండా పైన పూత పూసేశాం, అదీ జరిగింది. టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకైనా గోకాలి, లేకపోతే కొత్తది పట్టుకోదు. ఈ పనిలో కష్టమంతా గోకడంలోనే ఉంది. ఒక్కరోజులో ముగిస్తామని మాటిచ్చింది నేను, కుర్రాళ్లని తొందరపెట్టిందీ నేనే. ఇక మూలల సంగతి. గోడా గోడా, గోడా నేలా కలిసే చోట రెండు వైపులూ కాస్త కదులుతుంటాయి. అక్కడ గట్టిపడిపోయే గ్రౌట్ ఏది పెట్టినా చీలుతుంది, రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయినా సరే. రబ్బరులా సాగే సిలికాన్ సీలెంటే వేయాలి. ఇది మాకు తెలియక కాదు. రంగు తేడాగా కనిపిస్తే మీరు అడుగుతారని, చెప్పి ఒప్పించే ఓపిక లేక గ్రౌటే నింపేశాం.

అందరూ అడిగేది, సిమెంటా ఎపాక్సీనా అని. ముందు మేస్త్రీలు చెప్పే వైట్ సిమెంట్ మాట పక్కన పెట్టండి. ఆరేటప్పుడు కుంచించుకుపోయి వెంట్రుకంత గీతలు పడతాయి, వాటిల్లోంచి నీళ్లు దిగుతాయి. సిమెంట్ గ్రౌట్ అయితే 3 మిల్లీమీటర్ల లోపు జాయింట్‌కి ఇసుక లేనిది, అంతకంటే వెడల్పుంటే ఇసుక కలిసినది. నీళ్లు కొలిచి పోయాలి. పల్చగా కలిపితే చేసేవాడికి సుఖం, ఆరాక పొడి రాలేది మీ ఇంట్లో.

మన హైదరాబాద్‌లో ఇంకో తంటా ఉంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో టైల్స్ మీద తెల్లటి చారలు కడతాయి. వాటి కోసం యాసిడ్ పోస్తాం. బుసబుసా నురగ వస్తే మురికి పోతోందని సంతోషిస్తాం. పోయేది చారలే కాదు, యాసిడ్ గ్రౌట్‌లోని సిమెంటునీ తినేస్తుంది. కాబట్టి యాసిడ్ మానలేని ఇల్లయితే ఎపాక్సీకే వెళ్లండి. మానతామంటే మంచి సిమెంట్ గ్రౌట్, దాని మీద నీళ్లు ఇంకకుండా పూసే సీలర్ చాలు. అనవసరంగా ఖర్చు పెట్టించను.

ఎపాక్సీ ఖరీదెక్కువ, పైగా మొండిది. రెండు భాగాలు కలిపాక కాసేపే చేతికి లొంగుతుంది, మన మే నెల ఎండలో అయితే ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. మణికొండలో ఒక మ్యాట్ టైల్ గోడ మీద తుడవడం ఆలస్యమై మసకపొర ఉండిపోయింది, మూడు రోజులు రుద్దినా వదల్లేదు. ఆ గోడకి డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు కొంచెం కొంచెమే కలుపుతున్నాం, పొద్దున్నే మొదలుపెడుతున్నాం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కింది ఫ్లాట్‌ సీలింగులో చెమ్మ వస్తోందంటే, గ్రౌట్ వేస్తే ఆగుతుందని కొందరికి చెప్పాం. గ్రౌట్ వాటర్‌ప్రూఫింగ్ కాదు. పైపుల్నీ, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌నీ ముందు చూపించుకోండి. టైల్స్‌ని రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగినవి తీసి మళ్లీ అతికించాలి, పగిలిన టైల్ అయితే మార్చాల్సిందే. గ్రౌట్ వాటిని నిలబెట్టదు.

ఆ ఆరు బాత్రూములూ మా ఖర్చుతో మళ్లీ చేస్తున్నాం. మిగతావాళ్లు మూలల ఫొటో వాట్సాప్‌లో పంపితే వచ్చి చూస్తాం. ఇకపై ఒక్క బాత్రూంకి రెండు రోజుల పని, ఆ తర్వాత సిలికాన్ ఆరడానికి ఒక రోజు నీళ్లు తగలకూడదు. కూలి పెరిగింది, రేటూ పెంచాను. మేం వచ్చే ముందు రెండు రోజులు షవర్ వాడకుండా ఆరనివ్వండి. ఇంట్లో ఒకటే బాత్రూం ఉన్నవాళ్లు ముందే చెబితే ఒక్కో గోడగా చేస్తాం.

టీచరమ్మగారిది పోయిన వారం అయిపోయింది. పిన్నీసుతో మళ్లీ గీసి చూడమన్నాను. "ఇప్పుడెందుకు బాబూ, ఆర్నెల్లు పోనీ" అన్నారు.