మీ కాకినాడ కాలేజీలో చదివినాయన కట్టిన రైలు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రాంబాబూ,

మొన్న మాట్లాడుతుండగానే ఫోన్ కట్ అయిపోయింది. "వైజాగ్‌కి మెట్రో నిజంగా వస్తుందంటావా?" అని నువ్వడిగిన మాట మాత్రం నన్ను వదల్లేదు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కాగితం పట్టుకు కూర్చున్నాను. నిన్న గాజువాక నుంచి మద్దిలపాలెం రావడానికి గంటన్నర పట్టింది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు కదలకుండా నిలబడితే నాకు ఢిల్లీ రోజులే గుర్తొచ్చాయి.

ముఖర్జీనగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న రోజులవి. ఎక్కడికి వెళ్లాలన్నా బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సిందే. 2002 డిసెంబర్ 24న వాజ్‌పేయి గారు షాదరా నుంచి తీస్ హజారీ దాకా ఢిల్లీ మెట్రో మొదటి లైను ప్రారంభించారు. ఎనిమిది కిలోమీటర్ల చిల్లర, ఆరే స్టేషన్లు. మర్నాడు క్రిస్మస్. నేనూ నా రూమ్మేటూ పుస్తకాలు మూసేసి పరిగెత్తాం. ఢిల్లీ ఢిల్లీ అంతా అక్కడే ఉంది! జనానికి టోకెన్లు సరిపోక కాగితం టికెట్లు ఇచ్చారు. చివరికి ఎక్కాం. యమున మీదకి వచ్చేసరికి బయట పొగమంచు, లోపల అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు. నా పక్కన ఒకావిడ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కొడుకుతో స్టేషన్ల పేర్లు వల్లె వేయిస్తోంది. ఆ గొంతు ఇంకా నా చెవిలో ఉందిరా.

ఆ రైలు వెనక ఎంత కథ ఉందో తర్వాత తెలిసింది. ఢిల్లీకి ఇలాంటిది కావాలన్న మాట 1969 నాటి ట్రాఫిక్ అధ్యయనంలోనే వచ్చింది. మెట్రో కంపెనీ పెట్టడానికి 1995 మే దాకా పట్టింది. కేంద్రం సగం, ఢిల్లీ ప్రభుత్వం సగం వాటా పెట్టుకున్నాయి, పెద్ద అప్పు జపాన్ ఇచ్చింది. పని మొదలైంది 1998 అక్టోబర్ 1న. అప్పటికి జనం ఎవరూ నమ్మలేదంటే తప్పు వాళ్లది కాదు. కలకత్తా మెట్రోకి 1972లో శంకుస్థాపన చేస్తే, మొదటి 3.4 కిలోమీటర్లు నడిచేసరికి 1984 వచ్చింది. రోడ్డంతా పైనుంచి తవ్వి మళ్లీ కప్పే పద్ధతి కావడంతో అక్కడి జనం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

ఇక్కడే మీ కాలేజీ ఆయన వస్తాడు. ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్ గారు! కేరళలోని పాలక్కాడ్ నుంచి వచ్చి మీ కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదివాడని నీకు తెలుసుగా? 1964 డిసెంబర్ తుఫానుకి రామేశ్వరం వెళ్లే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే 46 రోజుల్లో తిరిగి నిలబెట్టినాయన. ఢిల్లీలో ఆయన సైట్ల దగ్గర గడియారాలు పెట్టించాడు, పని పూర్తికి ఇంకెన్ని రోజులుందో వెనక్కి లెక్కపెట్టేవి. మట్టి లారీలు సైట్ దాటి రోడ్డెక్కే ముందు చక్రాలు కడిగేవారు. అది నా కళ్లతో చూశాను. నగరాన్ని తవ్వుతున్నా దుమ్ము మన మీద పడకూడదనుకున్నారు చూడు, నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అక్కడే. పాత ఢిల్లీలో చావడీ బజార్ గల్లీల్లో రిక్షాకే దారి ఉండదు. ఆ పాత ఇళ్ల కింద, అంత లోతున యంత్రంతో సొరంగం తొలిచి 2005 జూలైలో రైలు నడిపారు. మొదటి దశ 65 కిలోమీటర్లు. పదేళ్లనుకున్నది ఏడేళ్ల మూడు నెలల్లో అయింది.

తప్పులు జరగలేదని కాదు. 2009 జూలైలో జమ్రూద్‌పూర్ దగ్గర కడుతున్న మెట్రో వంతెన కూలిపోయి మనుషులు చనిపోయారు. నైతిక బాధ్యత నాదని శ్రీధరన్ రాజీనామా ఇచ్చేశాడు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఒప్పుకోలేదు. పోయినవాళ్లు తిరిగి రారు. కానీ ఆ కుర్చీలో ఉన్నవాడు ముందు నిలబడి నాదీ తప్పు అనడం ఎన్నిసార్లు చూశాం చెప్పు?

ఇప్పుడది 390 కిలోమీటర్లు దాటింది. 2020 డిసెంబర్ నుంచి డ్రైవర్ లేని రైళ్లు కూడా తిరుగుతున్నాయి.

ఇక మన సంగతి. 2014లో విశాఖ, విజయవాడ మెట్రోలకి సలహాదారుగా పిలిచింది కూడా ఆయన్నే. ఇప్పటి ప్లానులో విశాఖకి మొదటి దశ మూడు మార్గాలు, మొత్తం 46.23 కిలోమీటర్లు. అందులో స్టీల్ ప్లాంట్ గేటు నుంచి కొమ్మాది దాకా ఉన్నదే 34 కిలోమీటర్ల పైచిలుకు. మిగతావి గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకీ, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకీ. నువ్వడిగినదానికి నా జవాబు ఇది: ఎన్‌ఏడీ దగ్గర రోజులు లెక్కపెట్టే గడియారం ఒకటి పెడితే, ఆ రోజు నమ్ముతాను. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను కూడా.

సంక్రాంతికి వస్తావు కదా, కూర్మన్నపాలెంలో బస్సెక్కి కొమ్మాది దాకా పోదాం. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకుందాం. రేపు రైలొచ్చాక పోల్చి చూసుకోవాలి. ఈలోపు ఒక పని చెయ్యరా. నీకు మీ కాలేజీలో ఇప్పటికీ తెలిసినవాళ్లున్నారు కదా, పాత బ్యాచ్‌ల గ్రూప్ ఫొటోలు ఏమైనా మిగిలాయేమో అడుగు. శ్రీధరన్ గారు ఉన్నది దొరికితే ఫోన్లో తీసి పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శీను