శీనుగాడికి, జులైలో హొక్కైడో గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నార్రా అందరూ? నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా, నువ్వు పంపిన ప్లాన్ షీటు కూడా చూశా. ఫోన్లో మాట్లాడదాం అనుకున్నా గానీ పది నిమిషాలకి ఎవరో ఒకరు పిలుస్తారు, మాట తెగిపోద్ది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మేలో వచ్చి ఏడు రోజుల్లో టోక్యో, ఫుజి, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా అన్నావ్. అన్నీ మంచి ఊళ్ళే, కాదనను. కానీ మెసేజ్ చివర్లో నువ్వే అన్నావ్ కదా, మారేడుమిల్లి ఘాట్‌లో బండి ఆపి కూర్చున్నట్టు ఎక్కడైనా ఓ పూట ఊరికే కూర్చోవాలిరా అని. ఆ మాట విన్నాక ఈ షీటు మొత్తం మార్చాలనిపించింది. ఆరు ఊళ్ళు తిరిగితే ఆ పూట ఎక్కడా దొరకదు. నా మాట విని ఈసారి జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి ఒక్కదానికే రండి, జులై రెండో వారం దాటాక, కారులో తిరుగుదాం.

మే ఎందుకు వద్దంటున్నానంటే, మొదటి వారం ఇక్కడ అందరికీ వరస సెలవలు, రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. పైగా హొక్కైడో కొండల మీద అప్పటికింకా మంచు కరగదు, లావెండర్ మొక్కకి మొగ్గ కూడా రాదు. పోనీ ఆగస్టు అంటే 13 నుంచి 16 దాకా ఒబోన్, చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగ, మన సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళినట్టు దేశం దేశమంతా రోడ్డెక్కుద్ది. జులై మధ్యలో అయితే లావెండర్ నిండుగా ఉంటుంది. టోక్యోలో అప్పుడు చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంటే అక్కడ పొద్దున్నా సాయంత్రం పల్చటి జాకెట్ కావాలి. మిగతా జపాన్‌ని జూన్ నుంచి నానబెట్టే వానల సీజన్ కూడా అక్కడ పెద్దగా ఉండదు. చిన్నదానికి స్కూలు పోతుందని చెల్లెమ్మ ఒప్పుకోదు, తెలుసు. రెండో క్లాసు పిల్ల, పది రోజుల పాఠాలు తర్వాత చెప్పుకోవచ్చు, నేను చెల్లెమ్మతో మాట్లాడతాలే.

కారు ఎందుకంటే అక్కడ రైళ్ళు తక్కువ, మనం చూడాల్సినవన్నీ రైలు వెళ్ళని చోట్లే ఉన్నాయి. హొక్కైడో తెలంగాణలో ముప్పావు వంతు ఉంటుంది, జనం మాత్రం యాభై లక్షల చిల్లర, అందులోనూ ఇరవై లక్షల మంది దాకా ఒక్క సప్పోరోలోనే. అంటే మిగతాదంతా ఎంత ఖాళీయో ఊహించుకో. బండి మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి నీకు ఇబ్బంది లేదు. నువ్వు చేయాల్సింది ఒక్కటే, మన ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో, దాంతో పాటు ఒరిజినల్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా దగ్గర ఉండాలి.

రూల్స్‌లో ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. రైల్వే క్రాసింగ్ దగ్గర గేటు తెరిచున్నా, రైలు కనుచూపు మేరలో లేకపోయినా బండి పూర్తిగా ఆపి, అటూ ఇటూ చూసి అప్పుడే దాటాలి. నేను మొదటి ఏడాది స్లో చేసి పోనిచ్చా, అవతల పోలీసు నిలబడున్నాడు, 9000 యెన్లు కట్టా, లైసెన్సు మీద రెండు పాయింట్లు కూడా పడ్డాయ్. ఇంకోటి, మందు చుక్క తాగి కూడా స్టీరింగ్ ముట్టుకోకూడదు, పక్కన కూర్చున్నవాడికీ శిక్ష ఉంటుంది. చీకటి పడ్డాక డ్రైవింగ్ పెట్టుకోవద్దు, జింకలు రోడ్డు మీదకి దూకుతాయి, అవి చిన్నవి కూడా కాదు. రోడ్డు పొడుగునా పైన ఎరుపు తెలుపు బాణాలు కిందకి చూస్తూ వేలాడుతుంటాయి, అవేంటా అనుకుంటావేమో, చలికాలంలో మంచు కప్పేస్తే రోడ్డు అంచు ఎక్కడుందో చెప్పడానికి.

సరే రూటు. టోక్యో నుంచి సప్పోరో దగ్గరి న్యూ చితోసే ఎయిర్‌పోర్టుకి గంటన్నర ఫ్లైటు, అక్కడే కారు తీసుకుని ఫురానో వెళ్ళిపోదాం, రెండు రాత్రులు అక్కడే. ఫార్మ్ తోమితా అని ఫొటోల్లో నువ్వు చూసే ఊదారంగు చారల తోట అదే, లోపలికి టికెట్ లేదు. దాని కథ నాకు భలే ఇష్టంరా. 1958లో ఆ కుటుంబం సెంటు నూనె కోసం లావెండర్ వేసింది, ఆ చుట్టుపక్కల రైతులందరూ వేశారు. తర్వాత 70ల్లో చవక కెమికల్ సెంట్లూ దిగుమతి నూనే వచ్చి కొనేవాడు లేకుండా పోయాడు, ఒక్కొక్కరే దున్నేసి వేరే పంటలకి వెళ్ళిపోయారు. వీళ్ళు మాత్రం దున్నడానికి మనసొప్పక అలాగే ఉంచారు. 1976లో రైల్వే వాళ్ళ క్యాలెండర్లో ఈ తోట ఫొటో పడింది, అది చూసి జనం ఈ చోటు ఎక్కడుందని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు, తోట నిలబడింది. మన దగ్గర పొగాకు, మిర్చి రేటు పడిపోయిన ఏళ్ళు మీ నాన్నగారు ఎలా ఉండేవారో నాకు గుర్తే, అందుకే ఆ వరసల మధ్య నిలబడితే నాకు పూలతో పాటు ఆ రైతు కూడా కనిపిస్తాడు.

పక్కనే బియెయ్. గోధుమ, బంగాళాదుంప, బీట్ చేలు గుట్టల మీద అతుకుల బొంతలా పరుచుకుని ఉంటాయి. చేలోకి మాత్రం ఒక్క అడుగు కూడా వేయొద్దు, చిన్నదానికి ముందే చెప్పి ఉంచు. అక్కడ చేను మధ్య ఒక పెద్ద పోప్లార్ చెట్టు ఉండేది, దాని ఫొటో కోసం జనం పంట తొక్కేస్తుంటే, ఎంత చెప్పినా వినకపోతే, 2016లో ఆ రైతే కొట్టించేశాడు. చదివినప్పుడు చాలా బాధేసింది. అదే ఊళ్ళో బ్లూ పాండ్ ఉంది, నీళ్ళు నీలిమందు కలిపినట్టు, మధ్యలో ఎండిన చెట్ల మోళ్ళు. 1988లో తోకచి అగ్నిపర్వతం పేలాక బురద ఊరి మీదకి రాకుండా కట్టలు కట్టారు, అక్కడ ఆగిన నీళ్ళే ఈ చెరువు, నీళ్ళలో అల్యూమినియం ఉండటం వల్ల ఆ రంగు.

మూడో రోజు అసహిదాకే, హొక్కైడోలో అన్నిటికంటే ఎత్తు, 2291 మీటర్లు. రోప్‌వేలో 1600 మీటర్ల దాకా పది నిమిషాల్లో తీసుకెళ్తారు, పైన చుట్టూ గంట నడక, చిన్నది హాయిగా నడుస్తుంది. జులైలో కూడా అక్కడక్కడా మంచు పలకలు మిగిలుంటాయి, పక్కనే నేలలోంచి పొగ బుసకొడుతూ పైకి లేస్తుంటుంది.

నాలుగో రోజు మొత్తం ప్రయాణమే, ఐదు గంటల పైన, సోఉంక్యో లోయ మీదుగా షిరెతోకో. దారిలో మిచి నో ఎకి అని రోడ్డు పక్క స్టేషన్లు ఉంటాయి, శుభ్రమైన టాయిలెట్లు, ఆ ఊరి రైతుల కూరగాయలు, ఉడకబెట్టిన మొక్కజొన్న, ఐస్‌క్రీము. ఒక్కోదానికి ఒక్కో స్టాంపు, చిన్నదానికి ఓ పుస్తకం కొనిచ్చామంటే దారంతా దాని పని అదే.

షిరెతోకో అంటే ఐనూ భాషలో నేల చివర అని అర్థం. ఐనూలంటే అక్కడి మొదటి జనం. 2005 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఎలుగుబంట్ల రాజ్యం అది. ఐదు సరస్సుల దగ్గర 800 మీటర్ల చెక్క వంతెన స్తంభాల మీద కట్టారు, కింద కరెంటు తీగ ఉంటుంది, ఎవరైనా నడవొచ్చు. కింది బాట మాత్రం జులై ఆఖరు దాకా గైడు లేకుండా వెళ్ళనివ్వరు. మనం వంతెన మీదే వెళ్దాం. నక్కలు రోడ్డు పక్కకొచ్చి మొహంలోకి చూస్తాయి, ముద్దొస్తాయి, ఏమీ పెట్టొద్దు. కాలవ నీళ్ళు కూడా తాగొద్దు, నక్కల వల్ల వచ్చే పురుగు గుడ్లు అందులో ఉంటాయి, లివర్‌కి పట్టుకుంటే చాలా ప్రమాదం.

రెండు రాత్రులయ్యాక షిరెతోకో కనుమ దాటి కుషారో, మషు సరస్సులకి. పోయినేడు సెప్టెంబర్లో నేనొక్కణ్ణే వెళ్ళా. కుషారో ఒడ్డున సునాయు అని ఇసుక ఉంటుంది, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో గుంట తీశా. జానెడు లోతు వెళ్ళేసరికి వేలి కొసలు చురుక్కుమన్నాయి, అడుగున నీళ్ళు ఊరుతూ గుంట నిండింది, ఇసుక రేణువులు అందులో గిరగిరా తిరుగుతున్నాయి. ఐదడుగుల అవతల సరస్సు నీళ్ళు జివ్వున చల్లగా. పక్కన ఓ ముసలాయన తన గుంటలో పాదాలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, నేనూ పెట్టుకున్నా, ఓ గంట అలాగే ఉన్నా. నువ్వడిగిన పూట అదేరా.

మషు మాత్రం నాకు కనబడలేదు. దాన్లోకి ఏరు రాదు, దాన్లోంచి ఏరు పోదు, 1931లో 41.6 మీటర్ల లోతు దాకా నీళ్ళలోంచి కనిపించిందని కొలిచారు. నేను రెండు గంటలు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డా, కింద తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. జులైలో పొగమంచు ఇంకా ఎక్కువంటారు. అయినా తెల్లారకుండానే వెళ్దాం, అప్పుడు నాలుక్కే వెలుగొచ్చేస్తుంది. ఆఖర్న కుషిరో, అక్కడ చిత్తడి నేలల్లో కొంగలు చూసుకుని కారు ఇచ్చేసి టోక్యోకి ఫ్లైటు. తీసుకున్న ఊళ్ళో కాకుండా వేరే ఊళ్ళో ఇస్తే కొంచెం ఎక్కువ తీసుకుంటారు, నేను చూసుకుంటా.

చెల్లెమ్మ శాకాహారం కాబట్టి తిండి సంగతి ఇప్పుడే చెప్తున్నా. ఇక్కడ సూపుల్లో, నూడుల్స్ పులుసులో చేప రసం కలుస్తుంది, పైకి కనబడదు. అందుకే రైస్ కుక్కర్ నేను పెట్టుకొస్తా, మీరు ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి తెండి. పచ్చి కూరగాయలు, పళ్ళు, కరివేపాకు రెబ్బ కూడా వద్దు, సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. మాంసం పచ్చళ్ళు అసలే వద్దు, అమ్మకి కూడా చెప్పు, నాకోసం చికెన్ పచ్చడి పెట్టేస్తుంది మళ్ళీ.

వీసా అప్లికేషన్లో ఏ రోజు ఎక్కడ ఉంటామో రాసివ్వాలి, కాబట్టి తేదీలు త్వరగా తేలాలి. చెల్లెమ్మని అడిగి ఈ ఆదివారం లోపు చెప్పు. షిరెతోకోలో ఉతోరో అనే ఊళ్ళో సముద్రం వైపు రూము ఒకటి నా పేరు మీద పెట్టి ఉంచా, నీ నుంచి కబురొచ్చేదాకా దాన్ని వదలను.

నీ
రాజు